99 శాతం దగ్గర టొరెంట్ ఎందుకు ఆగిపోతుంది?

డౌన్‌లోడ్ 99.2 శాతం దాకా వచ్చి ఆగిపోతుంది. గంట గడిచినా ఆ అంకె కదలదు. అప్పుడు చాలామంది ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరుస్తారు. అప్పటికీ కదలకపోతే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. విసుగొస్తే దిగిన ఫైలు కూడా డిలీట్ చేసి మొదటికొస్తారు. టొరెంట్ విషయంలో ఈ శ్రమంతా చాలావరకు వృథా. ఎందుకు ఆగిందో ఆ ప్రోగ్రామే తెర మీద చూపిస్తూ ఉంటుంది. మనకు తెలియాల్సింది ఎక్కడ చూడాలన్నదే.

మామూలు డౌన్‌లోడ్‌లో ఫైలు ఒక సర్వర్ నుంచి వస్తుంది. 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ తెచ్చిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఫైలును ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క మామూలుగా 256 కిలోబైట్ల నుంచి కొన్ని మెగాబైట్ల దాకా ఉంటుంది. నాలుగు గిగాబైట్ల ఫైలును 256 కిలోబైట్ల చొప్పున విడగొడితే 16 వేల దాకా ముక్కలవుతాయి. ఆ ముక్కలను మీరు మీలాంటి మామూలు కంప్యూటర్ల నుంచి తెచ్చుకుంటారు, మీ దగ్గరున్నవి వాళ్లకు ఇస్తారు. మొత్తం ఫైలు ఉన్నవాళ్లు సీడర్లు, ఇంకా దించుకుంటున్నవాళ్లు పీర్లు. లినక్స్ సంస్థలు తమ ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఇలా పంచుతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ తన దగ్గరున్న పుస్తకాలకు 2012 నుంచి టొరెంట్లు కూడా ఇస్తోంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో అక్కడ ఉన్నాయి. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేయడం మనలాంటి పాఠకులకూ అవసరమే.

ఇప్పుడు ఆ 99.2 దగ్గరికి వద్దాం. క్యూబిట్‌టొరెంట్ లాంటి ప్రోగ్రాముల్లో అవైలబిలిటీ అని ఒక అంకె కనిపిస్తుంది. అది 5.3 అంటే మీతో కలిసి ఉన్నవాళ్లందరి దగ్గరా చూస్తే ప్రతి ముక్కా కనీసం ఐదు చోట్ల ఉందని లెక్క. అదే 0.992 అని ఉంటే కొన్ని ముక్కలు అక్కడ ఎవరి దగ్గరా లేవు. పూర్తి ఫైలున్న ఆఖరి మనిషి కంప్యూటర్ ఆపి వెళ్లిపోయాడు, మిగిలినవాళ్లంతా మీలాగే 99.2 దగ్గర కూర్చుని ఉన్నారు. ఇక్కడ మీ సెట్టింగులు ఏవి మార్చినా ఆ ముక్కలు పుట్టవు. అయితే ఒక సంగతి ఉంది. ఆ అంకె మీ కంప్యూటర్ చేరుకోగలిగిన వాళ్ల లెక్క మాత్రమే. పూర్తి ఫైలున్న సీడర్ ఎక్కడో ఉండి, మీరు అతన్ని చేరలేకపోయినా అంకె ఒకటి కంటే తక్కువే చూపిస్తుంది. ఇళ్లల్లో వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మీ ఇంట్లో ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ వైఫై రూటర్ వెనక ఒకే చిరునామాతో బయటికి వెళతాయి. పాత రోజుల్లో హాస్టల్ మొత్తానికి ఒకటే ల్యాండ్‌లైన్ ఉండేది కదా, అలాగన్నమాట. లోపలినుంచి ఎవరైనా బయటికి ఫోన్ చేసుకోవచ్చు. బయటినుంచి వచ్చిన ఫోన్ ఎవరికో తీసినవాళ్లకు తెలియదు. అలా తెలియని పిలుపు వస్తే రూటర్ దాన్ని పడేస్తుంది. మీరు ఇతరులను పిలవగలరు, వాళ్లు మిమ్మల్ని పిలవలేరు. ఒక ఫైలుకు వందల మంది సీడర్లుంటే దీనివల్ల పెద్ద నష్టం లేదు, పిలవడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. సీడర్ ఒక్కడే ఉండి, అతను కూడా ఇలాంటి రూటర్ వెనకే ఉంటే ఇద్దరూ ఒకరినొకరు అందుకోవడం కష్టం. కొత్త లినక్స్ పది నిమిషాల్లో దిగిపోయే కంప్యూటర్‌లోనే అరుదైన పుస్తకం రోజుల తరబడి కదలకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అదే కంప్యూటర్, అదే నెట్టు అయినా ఒకటి వచ్చి ఒకటి రాకపోతే సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు.

మీ పరిస్థితి ఏమిటో పీర్ల జాబితా చెబుతుంది. అక్కడ ఒక్కొక్కరి పక్కన కొన్ని ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. వాటిలో పెద్ద 'ఐ' కనిపిస్తే ఆ మనిషి బయటినుంచి మీ దగ్గరికి వచ్చాడని అర్థం. చాలా మందితో చాలాసేపు పంచుకున్నాక కూడా ఒక్క 'ఐ' అయినా కనిపించకపోతే మీ తలుపు మూసి ఉన్నట్టే. అప్పుడు ముందు విండోస్ ఫైర్‌వాల్ చూడాలి. మొదటిసారి ప్రోగ్రామ్ తెరిచినప్పుడు వచ్చిన అనుమతి పెట్టెలో క్యాన్సిల్ నొక్కి ఉంటే, లేదా ఇంటి వైఫైని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కేస్తూ ఉంటే, అక్కడే అడ్డు పడుతుంది. తర్వాత రూటర్ పేజీలో యూపీఎన్‌పీ అనే సదుపాయం ఆన్‌లో ఉందో లేదో చూడాలి. అది ఉంటే ప్రోగ్రామ్ తనకు కావలసిన పోర్టు, అంటే బయటివాళ్లు లోపలికి వచ్చే తలుపు, తానే తెరిపించుకుంటుంది. లేకపోతే ప్రోగ్రామ్ వాడే పోర్టు నంబరు చూసి, రూటర్‌లో మనమే ఆ పోర్టును మన కంప్యూటర్‌కు మళ్లించాలి.

ఇవన్నీ చేసినా తలుపు తెరుచుకోకపోతే, రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ అనే చిరునామా చూడండి. బయట ఏదైనా వెబ్‌సైట్‌లో మీ ఐపీ ఎంతో చూసి, రెండూ పోల్చండి. రెండూ వేరుగా ఉండి, రూటర్‌లో ఉన్నది 10తోనో, 100.64 నుంచి 100.127 లోపు అంకెలతోనో మొదలైతే మీ రూటర్ పైన నెట్ కంపెనీ వాళ్ల ఇంకో పెద్ద రూటర్ ఉందన్నమాట. పాత పద్ధతి ఐపీ చిరునామాలు ప్రపంచం మొత్తానికి 430 కోట్లే. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఎపినిక్ దగ్గర 2011 ఏప్రిల్‌కే మామూలు నిల్వ అయిపోయింది. అందుకే కంపెనీలు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి వాడుతున్నాయి. ఈ పద్ధతి కోసమే 2012లో ఆ 100.64 వరస కేటాయించారు. ఇలాంటి కనెక్షన్‌లో మీ రూటర్‌లో పోర్టు ఎంత తెరిచినా ఉపయోగం లేదు, ఎందుకంటే అసలు తలుపు కంపెనీ చేతిలో ఉంది. ముఖ్యమైన దారులు రెండు. అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే కేటాయించిన పబ్లిక్ చిరునామా, తీసుకోవడం ఒకటి. మీ కంపెనీ కొత్త పద్ధతి చిరునామా అయిన ఐపీవీ6 ఇస్తుంటే రూటర్‌లో దాన్ని ఆన్ చేసుకోవడం రెండోది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి 'స్పీడ్ రావట్లేదు' అంటే రూటర్ ఆపి మళ్లీ వేయమంటారు. 'నాకు పబ్లిక్ ఐపీ ఉందా, లేదా' అని సూటిగా అడగండి.

దీనికి పూర్తిగా వేరైన జబ్బు ఇంకొకటుంది. టొరెంట్ నడుస్తున్నంతసేపూ ఇంట్లో వీడియో కాల్ తెగుతుంది, వెబ్ పేజీలు తెరుచుకోవు, చిత్రంగా టొరెంట్ కూడా మందగిస్తుంది. ఇక్కడ తప్పు డౌన్‌లోడ్‌ది కాదు, అప్‌లోడ్‌ది. ఏది దించుకున్నా, అందిందని అవతలికి చిన్న చిన్న రసీదులు వెళుతూ ఉండాలి. మీ అప్‌లోడ్ దారి మొత్తాన్ని టొరెంటే ఆక్రమిస్తే ఆ రసీదులు మోడెమ్‌లో వరస కట్టి నిలబడతాయి. రసీదు ఆలస్యమయ్యే కొద్దీ పంపేవాళ్లు నెమ్మదిస్తారు. టొరెంట్ ఆపి, కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి 8.8.8.8 అని రాసి ఎంటర్ నొక్కండి. నాలుగు జవాబులు మిల్లీసెకన్లలో వస్తాయి. టొరెంట్ నడిపిస్తూ మళ్లీ అదే చేయండి. ఇరవై, ముప్పై ఉన్న అంకె వందల్లోకి పోతే జబ్బు ఇదే.

మందు సులభమే. అసలు అప్‌లోడ్ వేగంలో 80 శాతం దగ్గర పరిమితి పెట్టాలి. లెక్క దగ్గర మాత్రం జాగ్రత్త. కంపెనీలు చెప్పేది మెగాబిట్లు, టొరెంట్ ప్రోగ్రామ్ చూపేది కిలోబైట్లు, మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 10 మెగాబిట్ల అప్‌లోడ్ అంటే సెకనుకు 1250 కిలోబైట్లు, అందులో 80 శాతం 1000. ఈ ఎనిమిదితో భాగించే సంగతి తెలియకనే 40 మెగాబిట్ల ప్లాన్‌లో 5 మెగాబైట్లు వస్తున్నా మోసపోయామని బాధపడేవాళ్లున్నారు. అలాగని అప్‌లోడ్‌ను ఒకటో రెండో కిలోబైట్లకు కుదించకండి. ఇచ్చినవాళ్లకే ఇవ్వడం అనే సూత్రం మీద ఈ పద్ధతి నిర్మించారు. మీరు ఇవ్వకపోతే మిగతా పీర్లు మిమ్మల్ని వెనక్కి నెడతారు.

కొన్నిసార్లు ముక్కలు వస్తాయి గానీ నిలవవు, శాతం పెరిగి మళ్లీ తగ్గుతుంది. ప్రతి ముక్కకూ టొరెంట్ ఫైలులో ఒక హ్యాష్, అంటే దాని వేలిముద్ర, ఉంటుంది. వచ్చిన ముక్క దానితో సరిపోలకపోతే ప్రోగ్రామ్ పారేసి మళ్లీ అడుగుతుంది. అప్పుడప్పుడు జరిగితే పట్టించుకోనక్కర్లేదు. రకరకాల ఫైళ్లలో, ఎవరి దగ్గర తీసుకున్నా పదే పదే జరుగుతుంటే ర్యామ్ చెడిందేమో పరీక్షించుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ టొరెంట్లలో ఇంకో మెలిక ఉంది. అక్కడ సీడర్లు సున్నా అయినా ఆర్కైవ్ సర్వరే ముక్కలు ఇస్తుంది. కానీ మీరు టొరెంట్ తీసుకున్నాక ఆ పుస్తకం పేజీలో ఎవరైనా ఏదైనా మార్చితే, సర్వర్‌లో ఉన్నది కొత్త ఫైలు, మీ దగ్గరున్నది పాత వేలిముద్ర. ఆ రెండూ కలవవు. కొత్త టొరెంట్ ఫైలు తెచ్చుకుని అదే ఫోల్డర్ చూపించడమే దారి.

డిస్క్ తంటాలు తేలిగ్గా తేలతాయి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ నాలుగు గిగాబైట్లు దాటిన ఫైలును తీసుకోదు. యాంటీవైరస్ ఒక ఫైలును ఎత్తి పక్కన పెడితే ప్రోగ్రామ్‌కు అది కనిపించక ఎర్రర్ చూపిస్తుంది.

కారణం ఏదైనా, సగం దిగిన ఫైలును మాత్రం చెరపకండి. టొరెంట్ మీద రైట్ క్లిక్ చేస్తే ఫోర్స్ రీచెక్ అని ఉంటుంది. అది ముక్కలన్నీ వేలిముద్రలతో పోల్చి, బాగున్నవి ఉంచి, చెడినవి మాత్రమే మళ్లీ తెప్పిస్తుంది. విండోస్ మళ్లీ వేసినా, ప్రోగ్రామ్ మార్చినా, పాత ఫోల్డర్ చూపించి రీచెక్ చేయిస్తే ఆగినచోటి నుంచే మొదలవుతుంది.