చంటిబిడ్డతో కొండకు

తెలుగిళ్లలో చాలామంది పిల్లల మొదటి దూరప్రయాణం పుట్టు వెంట్రుకల కోసమే. తిరుమల, యాదగిరిగుట్ట, వేములవాడ, సింహాచలం... ఇలవేల్పు ఎక్కడుంటే అక్కడికి. ఏడాదిలోపు తీయించాలా, మూడో ఏట తీయించాలా అని పెద్దవాళ్లు ముందే తేల్చేస్తారు. ముహూర్తం చూస్తారు. మేనమామకు సెలవు దొరుకుతుందో లేదో కనుక్కుంటారు. రిజర్వేషన్ తెరిచిన రోజే, అంటే అరవై రోజుల ముందే, రైలు టికెట్లు తీసేస్తారు. ఇంత హడావిడిలోనూ బిడ్డ ఎన్నింటికి పాలు తాగుతుంది, ఎన్నింటికి పడుకుంటుంది అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. ఎవరి కోసం బయల్దేరుతున్నారో ఆ బిడ్డ అవసరాలకే ఏర్పాట్లలో చోటుండదు.

అసలు చిక్కు ‘ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా’ అనే మాటతో మొదలవుతుంది. తిరుమల దర్శనం కాగానే తిరుచానూరు. మర్నాడు తెల్లవారుజామునే శ్రీకాళహస్తి, సాయంత్రానికి కాణిపాకం. ఈ రెండూ తిరుపతికి చెరో దిక్కు. పది నెలల బిడ్డకు పగటిపూట రెండు కునుకులైనా ఉండాలి. రెండు రోజుల్లో నాలుగు గుళ్లు తిరిగితే ఆ కునుకులు కారు కుదుపుల్లో, క్యూ లైన్ల రొదలో సగం సగమే అవుతాయి. రాత్రి బిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే దిష్టి తగిలిందంటారు. చాలాసార్లు అది దిష్టి కాదు, నిద్ర చాలని అలసట.

ప్రయాణం ఎప్పుడన్నది తేల్చేముందు పంచాంగంతోపాటు టీకాల కార్డూ చూడాలి. తట్టు రాకుండా వేసే ఎంఆర్ టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు. తట్టు గాలి ద్వారా సోకుతుంది, కిక్కిరిసిన చోట్ల చాలా తేలిగ్గా. అందుకని పదో నెల దాటాక పెట్టుకునే ప్రయాణం అంతకు ముందుదానికన్నా నిశ్చింత. ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు తిరుమలలో సుపథం దారిన దర్శనం ఉంది. పుట్టినతేదీ ధ్రువపత్రం వెంట ఉండాలి. పదో నెలకూ ఏడాదికీ మధ్య వెళ్తే టీకా పడుతుంది, గంటల తరబడి క్యూలో నిలబడే పనీ తప్పుతుంది.

ఇక రైలు. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, బెర్తూ రాదు. బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. దాంతో తల్లీబిడ్డలు ఒకే ఇరుకు బెర్తులో సర్దుకుంటారు. తిరుపతి వెళ్లే రాత్రి రైళ్లలో స్లీపర్ బోగీ ఎక్కితే తెలుగు తల్లుల ఉపాయం ఒకటి కనిపిస్తుంది. ఎదురెదురు పై బెర్తుల కడ్డీలకు పాత నూలు చీర ముడివేసి ఉయ్యాల కడతారు. సిల్కు చీరకు ముడి జారుతుంది గనక నూలుదే తెస్తారు. రైలు ఊపుకు ఉయ్యాల తనంతట తానే ఊగి, పది నిమిషాల్లో బిడ్డ నిద్రలోకి జారుకుంటుంది. ముచ్చటైన ఏర్పాటే గానీ, పక్కన మెలకువగా ఒకరు చేయి వేసి కూర్చున్నంతసేపే అది క్షేమం. అందరూ పడుకునే వేళకు బిడ్డను కిందికి దించి, కింది బెర్తులో గోడవైపు పడుకోబెట్టాలి.

2022 మే నెలలో లక్నో మెయిల్లో కింది బెర్తుకు ఆనించి, కావాలంటే మడిచి పెట్టుకునే చిన్న బెర్తును ప్రయోగంగా అమర్చారు. బిడ్డ దొర్లిపోకుండా దానికి పట్టీలు కూడా పెట్టారు. తల్లులు ఏళ్లుగా చీరతో నెట్టుకొస్తున్న అవసరానికి రైల్వే చేసిన మంచి ఆలోచన అది. పుణ్యక్షేత్రాలకు వెళ్లే రాత్రి రైళ్లన్నిటికీ రావాల్సిన సౌకర్యం.

తిరుపతి నుంచి కొండెక్కేటప్పుడు బిడ్డ ఉన్నట్టుండి ఏడుపు అందుకుంటే వాంతి వస్తుందేమోనని పెద్దలు కంగారుపడతారు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణంలో వాంతులు అరుదు, ఆ బాధ ఆ తర్వాతి వయసుది. చంటిబిడ్డను ఇబ్బంది పెట్టేవి చెవులు. తిరుమల సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు మారేకొద్దీ గాలి పీడనం మారి చెవులు బిగుస్తాయి, దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పుడు కిందికి దిగుతారు. ఆ మెలికల్లో బిడ్డ ఏదో ఒకటి మింగుతూ ఉంటే చెవులు వదులవుతాయి. దిగడం పాలవేళకు కుదిరేలా చూసుకున్నా, నోట్లో పాలపీక ఉంచినా మేలే. విమానం దిగేటప్పుడూ ఇదే ఉపాయం.

కాలినడకన వస్తామని మొక్కుకుని బిడ్డను చంకనేసుకుని అలిపిరి మెట్లెక్కేవాళ్లున్నారు. మెట్లు 3,550. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత పిల్లలను మధ్యాహ్నం దాటాక నడకదారిన పంపకుండా ఆంక్షలు పెట్టారు. మెట్ల మొక్కు పెద్దవాళ్లది. పెద్దవాళ్లు నడిచి, బిడ్డను బస్సులో పంపితే మొక్కుకేం లోటు రాదు.

కల్యాణకట్టలో పని నిమిషాల్లో అయిపోతుంది. ఆ నిమిషాలే కష్టం. మేనమామ బాసింపట్టు వేసుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. క్షురకుడు చెంబెడు నీళ్లు తల మీద చిలకరించి, అరచేత్తో కుదుళ్లదాకా నానేలా రుద్దుతాడు. చల్లనీళ్లు తగలగానే ఏడుపు మొదలవుతుంది. బిడ్డ గడ్డం కింద ఒక చేయి, తల వెనక ఒక చేయి కదలకుండా పట్టుకోవడంలోనే మేనమామ నేర్పంతా ఉంది. బ్లేడు కొత్తదో కాదో కళ్లారా చూసుకోవాలి. ఏడాది బిడ్డకు మాడు ఇంకా పూర్తిగా గట్టిపడదు. గుండు చేయించి గంధం రాశాక ఎండలోకి తీసుకెళ్లేముందు పల్చటి నూలు టోపీ పెట్టాలి. బిడ్డ ఆకలితోనో నిద్రమత్తుతోనో ఉన్నప్పుడు కాకుండా, ఒక కునుకు తీసి పాలు తాగిన అరగంటకు తీసుకెళ్తే ఏడుపు సగం తగ్గుతుంది.

ఆరు నెలలలోపు బిడ్డకు మే నెల ఎండల్లోనూ తల్లిపాలే చాలు, నీళ్లు పట్టకూడదు. ఆ పాలు ఇవ్వడానికి చాటు దొరకడమే తల్లులకు గగనం. బహిరంగ ప్రదేశాల్లో పాలిచ్చే తల్లుల కోసం ప్రత్యేక గదుల అవసరాన్ని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. గది పెట్టి తాళం వేస్తే లాభం లేదు. ఫ్యాను తిరగాలి, తలుపుకు గడియ పడాలి.

అమెరికా నుంచి వచ్చి పుట్టు వెంట్రుకలు తీయించేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. డాలస్‌కూ హైదరాబాద్‌కూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. బిడ్డకు పగలు రాత్రి, రాత్రి పగలు అయిపోతాయి. దిగిన మర్నాడే తిరుపతి రైలెక్కించకుండా అమ్మమ్మగారింట్లో ఓ వారం ఉండనివ్వాలి.

ఇంత జాగ్రత్తపడే ఇంట్లోనూ అద్దె కారు రాగానే బిడ్డ ముందు సీట్లో తాతగారి ఒళ్లోకి చేరుతుంది. కారు గుద్దుకుంటే ఎంత బలమున్న చేతులైనా బిడ్డను ఆపలేవు. ఎదుటి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే పసితలకు అదే ప్రమాదం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక పద్నాలుగేళ్లలోపు పిల్లలకు కార్లో బెల్టో, పిల్లల సీటో తప్పనిసరి. లేకపోతే 1,000 రూపాయల జరిమానా. బైకు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు రక్షణ పట్టీ, హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన అమల్లో ఉంది. కారు మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా అని ఎలాగూ అడుగుతారు. వెనక సీటు బెల్టులు కవర్ల కింద కప్పెట్టి ఉన్నాయేమో, పిల్లల సీటు బిగించడానికి వీలవుతుందో లేదో కూడా అప్పుడే అడగాలి.