భాష మారినా లెక్క మారరాదు
పూతలపట్టు: 1957 ఏప్రిల్ 1న నయాపైసలు చలామణీలోకి వచ్చాయి. రూపాయికి పదహారణాలు పోయి నూరు పైసలయ్యాయి. లెక్క ప్రకారం అణాకు ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసకు నాణెం లేదు. అణాకు ఆరు పైసల చొప్పున పదహారుసార్లు పుచ్చుకుంటే చేతికి 96 పైసలే వస్తాయి. రూపాయి అదే; లెక్క రాసే తీరు మారేసరికి నాలుగు పైసలు మాయం!

నేడు కంప్యూటర్లలోనూ ఇదే చిక్కు వున్నది. కంప్యూటరుకు పని చెప్పేందుకు రాసే ఆజ్ఞల వరుసే ప్రోగ్రాము. దానిని రాసే భాషలు అనేకం. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ భాషలో ఎన్నో బ్యాంకుల లెక్కలు రాశారు. వాటిలో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే గుర్తించడం వల్ల 2000 వస్తే యంత్రం 1900 అనుకుంటుందన్న భయం పుట్టింది. ఆ మరమ్మతు కోసమే 1990 దశకం చివర మన తెలుగు యువకులెందరో కోబాల్ నేర్చి అమెరికా వెళ్ళారు.

కోబాల్ తెలిసినవారు ఇప్పుడు ఒక్కరొక్కరుగా పదవీ విరమణ చేస్తున్నారు. అందుకే పాత ప్రోగ్రాములను 1995లో వచ్చిన జావా వంటి భాషల్లోకి మారుస్తున్నారు. ఈ పనికి కృత్రిమ మేధ సాధనాన్ని తెస్తున్నట్లు ఐబీఎం సంస్థ 2023 ఆగస్టులో ప్రకటించింది.

అయితే యంత్రం మాటకు మాట మార్చగలదు గాని, భాష వెనుకనున్న ఆచారాన్ని మనిషే కనిపెట్టవలసి వున్నది. రెండున్నర రూపాయలను పూర్తి రూపాయలకు సరిచేయమంటే జావాస్క్రిప్ట్ భాషలో 3 వస్తుంది. పైథాన్ భాషలో మామూలు ఆజ్ఞకు 2 వస్తుంది. సరిగ్గా సగం మిగిలినప్పుడు సరిసంఖ్య వైపు మొగ్గడం పైథాన్ పద్ధతి. రెండూ తప్పు కావు. కాని మార్చినవారు ఈ తేడా గమనించకపోతే పాలు పోసే రైతు చీటీలో ఒక రూపాయి తగ్గుతుంది. ఊరంతటి చీటీల్లో కొన్నింటికైనా ఇట్లా జరిగితే నెల తిరిగేసరికి అది చిన్న మొత్తం కాదు.

పెద్ద మార్పులో పొరపాటు జరిగితే నష్టమూ పెద్దదే. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఖాతాలన్నిటినీ కొత్త కంప్యూటరు వ్యవస్థలోకి మార్చినప్పుడు లక్షలాది మంది తమ సొమ్ము చూసుకోలేక అవస్థపడ్డారు. 2022 డిసెంబరులో ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా పడింది.

ఇదంతా దూరపు సంగతి కాదు. దేశంలోని 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను 2,516 కోట్ల రూపాయలతో కంప్యూటరీకరించేందుకు కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. రైతు అప్పు, వడ్డీ, వాయిదా అన్నీ పాత పుస్తకాల నుంచి కొత్త పద్ధతిలోకి చేరేవే.

నిపుణులు పాటించే మార్గం ఒకటున్నది. కొంతకాలం పాత ప్రోగ్రామును, కొత్తదానిని పక్కపక్కనే నడుపుతారు. ఒకే లెక్కను రెండింటికీ ఇచ్చి జవాబులు పోల్చి, పైస తేడా వచ్చినా కారణం తేలేదాకా పాతదానిని ఆపరు.

రైతులూ ఇదే జాగ్రత్త పాటించవచ్చు. పాల కేంద్రంలోగాని, సంఘంలోగాని కంప్యూటరు పద్ధతి మారినట్లు తెలిస్తే పాత చీటీలు, పాసుపుస్తకం పారేయరాదు. మొదటి నెల కొత్త చీటీని పాతదానితో పోల్చి, తేడా వుంటే వెంటనే అడగాలి. కంప్యూటరు చెప్పింది గనుక సరేనని వూరుకుంటే, నాటి నాలుగు పైసల మాదిరిగానే నష్టం మన ఖాతాలోనే పడుతుంది.