కోటీశ్వరుల బంకర్ వర్సెస్ మన బిజినేపల్లి బ్యాగ్: ఏది వర్త్?

లోకం ఒక్కసారిగా కుప్పకూలితే? ఈ ఒక్క భయం మీద పెద్దోళ్లు కోట్లు పోస్తున్నారు. హవాయిలో జుకర్‌బర్గ్ కట్టిస్తున్న ఎస్టేట్‌లో 5,000 చదరపు అడుగుల అండర్‌గ్రౌండ్ షెల్టర్ ఉందని 2023లో వైర్డ్ పత్రిక రాసింది. ఆయనేమో అది బేస్‌మెంట్ లాంటిదే అంటున్నారు. పీటర్ థీల్ 2011లోనే న్యూజిలాండ్ పౌరసత్వం తెచ్చుకున్నారు. కాన్సస్‌లో పాత అట్లాస్ క్షిపణి గోతిని 15 అంతస్తుల అపార్ట్‌మెంట్ చేసి అమ్మారు.

నాది బిజినేపల్లి. ఈ స్పెక్స్ చూస్తే నాకూ నోరూరుతుంది. కానీ ఏ గ్యాడ్జెట్‌కైనా నేను అడిగేది ఒకటే: అవసరం పడ్డ రోజు పనిచేస్తదా?

మన దగ్గర టెస్ట్ ఎప్పుడో అయింది

1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ బొమ్మను కవర్ మీద వేసింది. మా ఊరు అప్పుడు ఆయన రాజ్యంలోదే. 1948 సెప్టెంబర్‌లో, పోలీస్ యాక్షన్ రోజుల్లో, లండన్ బ్యాంకులోని హైదరాబాద్ సొమ్ము 10 లక్షల పౌండ్లకు పైగా అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి వెళ్లింది. నా అనుమతి లేకుండా జరిగింది, వెనక్కి ఇవ్వండి అని నిజాం కొద్దిరోజులకే అడిగారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. 2019 అక్టోబర్‌లో లండన్ హైకోర్టు భారత్, నిజాం వారసుల వైపు తీర్పిచ్చేసరికి ఆ సొమ్ము దాదాపు 3.5 కోట్ల పౌండ్లయింది. నిజాం 1967లోనే కన్నుమూశారు.

అంటే బ్యాకప్ ఉంది, పాస్‌వర్డ్ మాత్రం ఇంకొకరి చేతిలో. బంకర్ల కథా అంతే. డబ్బుకు విలువ పోయాక మా గార్డులు మా మాట ఎందుకు వింటారని కొందరు సంపన్నులు తనను అడిగారని రచయిత డగ్లస్ రష్‌కాఫ్ రాశారు.

మన బ్యాగ్‌లో ఏముండాలి?

• పవర్ బ్యాంక్: 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్స్. వేస్టేజీ పోగా 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండున్నర సార్లు నిండుతుంది.
• ఎఫ్ఎం ఉన్న ఫోన్, వైర్ ఇయర్‌ఫోన్స్: వైరే యాంటెన్నా. టవర్ బ్యాటరీ, డీజిల్ అయిపోయి సిగ్నల్ పోయినా వార్తలు వినొచ్చు.
• ఆఫ్‌లైన్ మ్యాప్స్, కాగితం మీద రాసిన నంబర్లు, కొంచెం చిల్లర: సిగ్నల్ లేకపోతే యూపీఐ నడవడం కష్టం.
• శాటిలైట్ ఫోన్: స్కిప్. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడితే కేసే.

వెర్డిక్ట్

బంకర్ స్పెక్స్‌కి 9, నమ్మకానికి 3. గాలివానకు రాత్రంతా కరెంట్ పోతే మా వీధిలో ఇన్వర్టర్ ఉన్న ఇంటికి అందరి ఫోన్లూ చేరతాయి. ఆ ఇంటోళ్లతో మాటలున్నాయా లేవా అన్నదే అసలు స్పెక్. కొనే ముందు అది చెక్ చేసుకోండి.