సీమ దుమ్ముకూ ఒక హద్దు వుంది

"దుమ్ములో తిరగకండి" అని మా డాక్టర్లం చాలా తేలికగా చెప్పేస్తాం. కర్నూలులోనో, కడపలోనో కాపురముండే మనిషి దుమ్ము లేని చోటు ఎక్కడ వెతుక్కుంటాడు? ఈ ప్రశ్న నా అంతట నాకు తట్టలేదు. ఒక అవ్వ అడిగింది.

ఆమె ఏడేళ్ళ మనవడిని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వచ్చింది. పిల్లవాడికి తెల్లవారుజామున దగ్గు, రొమ్ములో పిల్లికూతలు. అవ్వకూ నాలుగడుగులు వేస్తే ఆయాసమే. "ఏమవ్వా, చుట్ట తాగే అలవాటుందా?" అన్నాను. "ఎన్నడూ ముట్టలేదు నాయనా" అంది. మందులు రాసిచ్చి, పిల్లవాణ్ణి దుమ్ములోకి పంపవద్దని చెప్పాను. అవ్వ నవ్వింది. "సీమలో దుమ్ము లేని తావు యాడుండాది సారూ? పుట్టినప్పటి నుంచీ తింటానే వుండాము గదా!" అంది.

అవ్వ మాటలో నిజముంది. మనకు వాన తక్కువ, ఎండ ఎక్కువ. గాలి లేస్తే మట్టి లేస్తుంది. అయితే మనం పీల్చేదంతా నేల మట్టేనని, అది మన తలరాత అని అనుకోవడం మాత్రం పొరపాటు. గాలిలో ఎంత దుమ్ము వుండవచ్చునో దేశమంతటికీ ఒక హద్దు వుంది. ఆ హద్దు దాటిన వూళ్ళ జాబితాలో కర్నూలు, కడప రెండూ వున్నాయి. హద్దులోకి రావడానికి ప్రణాళిక కూడా వుంది. ఇది ప్రభుత్వ కాగితాల సంగతి కదా, ఆరోగ్యం శీర్షికలో ఎందుకంటారా? చదవండి, మీకే తెలుస్తుంది.

దుమ్మంతా ఒకటి కాదు

మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మీటరులో పది లక్షలో వంతు. కంటికి కనబడే పెద్ద నలుసులను ముక్కులోని వెంట్రుకలు, జిగురు పట్టి ఆపేస్తాయి. తుమ్ములో, చీమిడిలో అవి బయటికి పోతాయి.

10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులను పి.ఎం. 10 అంటారు. ఇవి ముక్కు దాటి శ్వాసనాళాలలో దిగుతాయి. ఉబ్బసం వున్నవారికి దగ్గు, పిల్లికూతలు రేపేవి ఇవే. రోడ్డు దుమ్ము, బండల పొడి, సిమెంటు పొడి ఎక్కువగా ఈ తరగతిలోకి వస్తాయి.

వీటిలో 2.5 మైక్రాన్లకు లోపువి మరీ గడుసువి. వీటిని పి.ఎం. 2.5 అంటారు. వెంట్రుకలో సుమారు ముప్పయ్యో వంతు, లేదా అంతకన్నా తక్కువ వుంటాయి. ఇవి ఊపిరితిత్తుల చిట్టచివర వుండే గాలి సంచుల దాకా పోతాయి. కొన్ని అక్కడి నుంచి రక్తంలోకి కూడా చేరతాయి. అందుకనే వీటివల్ల ఆయాసమే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా పెరుగుతాయి. ఇవి పుట్టేది ముఖ్యంగా మంటలో: కట్టెల పొయ్యి, చెత్త మంట, డీజిలు పొగ, బొగ్గు. అంటే నేల మట్టికన్నా మనిషి చేతి నుంచి వచ్చేదే వీటిలో ఎక్కువ.

హద్దు ఎవరు గీశారు?

వాయు కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం గాలికి ప్రమాణాలు నిర్ణయించేది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి. వాటిని అందుకోవడానికి సమగ్ర కార్యక్రమం రూపొందించవలసింది రాష్ట్ర మండలి. ఇప్పుడు అమలులో వున్న ప్రమాణాలను 2009 నవంబరు 18న ప్రకటించారు. వాటి ప్రకారం ఘనపు మీటరు గాలిలో పి.ఎం. 10 ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు, ఒక రోజు సగటున 100 దాటకూడదు. పి.ఎం. 2.5 అయితే ఏడాది సగటు 40, ఒక రోజుకు 60.

ఇక్కడ ఒక మాట. 60 లోపల వుంటే ఆరోగ్యం, 61 అయితే రోగం అని అర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చేసిన సూచన ఇంకా కఠినం. పి.ఎం. 10కి ఏడాది సగటు 15, పి.ఎం. 2.5కి 5 మాత్రమే. మన హద్దు మన పరిస్థితులకు తగినట్టు గీసుకున్నది. దాన్నీ దాటామంటే ఆ గాలి పీల్చేవారికి హాని తప్పదు.

ఏడాది సగటు ఎలా కడతారంటే, వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదిలో కనీసం 104 సార్లు, ఒక్కోసారి 24 గంటల గాలిని తూచి లెక్క వేస్తారు. సగటు వల్ల పెద్ద లెక్క తెలుస్తుంది గాని, మీ వీధిలో ఈరోజు ఉదయం ఎవరో టైరు తగలబెట్టిన సంగతి అందులో కనబడదు. మీ పిల్లవాడి ఊపిరితిత్తులకు మాత్రం అది తెలుస్తుంది.

ప్రణాళిక ఎలా వచ్చింది?

ప్రమాణాలను వరుసగా అయిదేళ్ళు అందుకోలేని నగరాలను కేంద్ర మండలి విడిగా గుర్తించింది. అలాంటి 102 నగరాలకు కార్యాచరణ ప్రణాళికలు తయారు చేయమని 2018 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలను ఆదేశించింది. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రారంభించింది. ఆ తొలి జాబితాలో మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరుతో పాటు కర్నూలు వుంది. తరువాత జాబితా పెరిగింది. అనంతపురం, చిత్తూరు, కడపతో సహా మరి ఎనిమిది వూళ్ళు చేరి ఆంధ్రప్రదేశ్ నుంచి 13 అయ్యాయి.

2017 నాటి లెక్క మీద 2024కల్లా దుమ్మును 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నది మొదటి లక్ష్యం. తరువాత దాన్ని పెంచి, 2025-26 నాటికి 40 శాతం తగ్గించాలి, లేదా ప్రమాణాన్ని అందుకోవాలి అన్నారు.

అది చేసే ఉపాయాలేమిటి? రోడ్డు అంచులకు రాళ్ళు పరిచి మట్టి లేవకుండా చేయడం, యంత్రాలతో ఊడ్చడం, నీళ్ళు చల్లడం, చెట్లు పెంచడం, ఇసుక కంకర లారీలకు పట్టా కప్పించడం, వాహనాల పొగ తనిఖీ, చెత్త తగలబెట్టకుండా చూడడం. ఇవన్నీ మంచివే.

అయితే డబ్బు ఎటు పోయిందో కూడా చూడాలి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో దేశం మొత్తం లెక్క తీసింది. ఖర్చయిన నిధులలో 64 శాతం రోడ్ల దుమ్ముకే పోయింది. పరిశ్రమల పొగ మీద ఒక శాతం కూడా పెట్టలేదు. కనబడే దుమ్ము ఊడిస్తే కంటికి ఇంపుగా వుంటుంది. పి.ఎం. 2.5 కంటికి కనబడదు, చీపురుకు అందదు.

ఇంకొక చిక్కు వుంది. ప్రణాళిక నగరానిది, గాలికి నగరం ఎల్లలు తెలియవు. కర్నూలును ఒరుసుకుంటూ హైదరాబాదు, బెంగుళూరు లారీలు రాత్రింబవళ్ళు పోతాయి. బేతంచెర్లలో బండలు కోసి పాలిష్ పట్టే పని, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, కలమళ్ళ దగ్గర బొగ్గుతో నడిచే రాయలసీమ థర్మల్ కేంద్రం, ఇవన్నీ మనకు కూడు పెట్టేవే. వాటిని మూసేయమని ఏ డాక్టరూ అనడు. బండను నీళ్ళతో తడుపుతూ కోయాలి, పొగగొట్టంలో దుమ్ము పట్టే యంత్రం రాత్రిపూట కూడా నడవాలి అని మాత్రం అనక తప్పదు.

అవ్వ ఇంటి సంగతి

రెండోసారి వచ్చినప్పుడు నేను అవ్వను అసలు అడగవలసిన ప్రశ్నలు అడిగాను. గ్యాసు వుంది, వంట దాని మీదే. కాని స్నానానికి నీళ్ళు కాచేది కట్టెల పొయ్యి మీద, కందికట్టెతో. పిల్లవాడు దాని పక్కనే చలి కాచుకుంటాడు. ఇంటి వెనక సందులో రోజూ తెల్లవారి చెత్త పోగు చేసి నిప్పు పెడతారు. అందులో ప్లాస్టిక్ సంచులే ఎక్కువ. చుట్ట ముట్టని అవ్వకు చుట్ట తాగేవాళ్ళ జబ్బు ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. నలభై ఏళ్ళు పొయ్యి ముందు కూర్చోవడమే కారణం. మనిషి బీడీ తాగుతాడా అని అడుగుతూ, ఇంట్లో ఏం తగలబెడతారని అడగకుండానే నేను ఎన్నేళ్ళు గడిపానో తలుచుకుంటే సిగ్గేసింది.

వాళ్ళు నీళ్ళ పొయ్యిని పెరటి చివరకు మార్చారు. వీధివాళ్ళు నలుగురు కలిసి మునిసిపాలిటీలో అర్జీ ఇచ్చారు. చెత్త బండి సక్రమంగా రావడం మొదలయ్యాక మంట ఆగింది. పిల్లవాడికి మందు మానలేదు. కాని రాత్రిళ్ళు లేచి కూర్చోవడం తగ్గింది. అవ్వ ఊపిరితిత్తులు మాత్రం మళ్ళీ కొత్తవి కావు.

మీరు చేయదగినవి

1. ఇల్లు పొడిగా ఊడ్చకండి. మన పెద్దలు వాకిట్లో నీళ్ళు చల్లి ఊడ్చేవారు. లోపల కూడా తడిగుడ్డతో తుడవండి.

2. వంటతో పాటు నీళ్ళు కాచడం కూడా గ్యాసు మీదికి మార్చగలిగితే మార్చండి. 2024లో మొదలైన దీపం-2 పథకంలో అర్హత వున్న కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. కట్టెలు తప్పకపోతే ఆరుబయట పెట్టి, పిల్లలను, గర్భిణులను దూరంగా వుంచండి.

3. చెత్త కాల్చడం నేరం. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు వసూలు చేయాలని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. పొరుగువారికి ముందు మంచిగా చెప్పండి.

4. గాలి నాణ్యత సూచిక చూడడం నేర్చుకోండి. కేంద్ర మండలి సమీర్ అనే ఆప్‌లో చూపిస్తుంది. కడపలో ఎర్రముక్కపల్లి కేంద్రం లెక్క అందులో వస్తుంది. 100 లోపల అయితే సరే. 200 దాటితే ఉబ్బసం, గుండెజబ్బు వున్నవారు బయట శ్రమపడే పనులు తగ్గించుకోవాలి.

5. ముఖానికి కట్టుకునే గుడ్డ పెద్ద దుమ్మును ఆపుతుంది గాని సన్న రేణువులను ఆపదు. అందుకు ఎన్-95 మాస్కు, అదీ ముఖానికి బిగుతుగా అమరాలి. బండల పని, కంకర క్రషర్ల పని చేసేవారికి ఇది తప్పనిసరి. ఆ రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది, క్షయకు దారి తీస్తుంది. రెండు వారాలు మించిన దగ్గుకు కఫం పరీక్ష చేయించుకోండి.

6. ఇన్‌హేలరు "అలవాటు పడుతుంది" అని మానకండి. అది అపోహ. పిల్లవాడికి ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, మాట తెగిపోతున్నా, పెదవులు నీలం తిరిగినా తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోండి.

7. చివరిది. మీ నగరపాలక సంస్థలో మన వూరి స్వచ్ఛ వాయు ప్రణాళిక ఎక్కడుందో అడగండి. ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చయింది, మా వార్డులో ఏం చేశారు అని అడగండి. కార్పొరేటరు ఓటు కోసం వచ్చినప్పుడు కుళాయి నీళ్ళ గురించి అడుగుతాం. గాలి గురించి ఎవ్వరమూ అడగం. రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్ళు తాగే మనం దాదాపు పదివేల లీటర్ల గాలి పీలుస్తాం.

వేసవి సుడిగాలిని ఏ కమిషనరూ ఆపలేడు. సందులో మండే ప్లాస్టిక్ మంటను మాత్రం మీరూ నేనూ ఆపగలం. ఈసారి మీ పిల్లవాడు తెల్లవారి దగ్గితే మందు సీసా వెతకడంతో సరిపెట్టకండి. కిటికీ తెరిచి, పొగ ఎటు నుంచి వస్తున్నదో కూడా చూడండి.