సౌందర్యశాలలో రసాయనాలు

క్రీ.శ. 1700లో ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజీనీ వృత్తిపనివారి వ్యాధులను గురించి ఒక గ్రంథం ప్రకటించినాడు. రోగిని వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలకు ఆయన మరొకటి చేర్చినాడు: చేసే పని ఏమిటని. మూడు శతాబ్దాలు గడచినవి. నేటి బ్యూటీ పార్లర్లలో శ్రమించే స్త్రీల విషయంలో ఆ ప్రశ్న అడిగేవారెందరు?

అద్దాలు, దీపాలు, పరిమళాలు నిండిన ఆ గదిలో హాని ఉన్నదంటే నమ్మబుద్ధి కాదు. కాని జుట్టుకు నలుపునిచ్చే రంగులలో తరచుగా ఉండే పారాఫినైలిన్ డయామిన్ కొందరి చర్మానికి సరిపడదు. దురద, దద్దుర్లు, వాపు కలుగుతవి. ఒకసారి పడకపోవడం మొదలైనదా, ఆపైన కొద్దిపాటి స్పర్శకే చర్మం రేగుతుంది. జుట్టు రంగును వెలవెలబరచే పొడులలోని పర్సల్ఫేటులు ఉబ్బసానికి దారితీయవచ్చును. గోళ్ళరంగుల ఆవిరి తలనొప్పినీ, కళ్ళమంటనూ తెచ్చిపెట్టగలదు.

నెలకొకసారి వచ్చి గంటసేపు కూర్చుండి వెళ్ళే ఇల్లాలికీ, ఉదయం మొదలు రాత్రివరకు అదే గాలి పీల్చే పనిపిల్లకూ భేదం లేదా? రసాయనం ఒక్కటే, మోతాదు వేరు.

2010లో అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రంలో, జుట్టును నునుపుచేసే ఒక ద్రవాన్ని వాడిన కేశాలంకారిణులు కళ్ళు మండుతున్నవనీ, ముక్కునుండి రక్తం కారుతున్నదనీ మొరపెట్టుకొన్నారు. సీసామీద ఫార్మాల్డిహైడ్ లేదని వ్రాసి ఉన్నది. ప్రభుత్వం పరీక్షింపగా నమూనాలలో సగటున 8 శాతానికి పైగా ఉన్నట్లు తేలినది! మన కళాశాలల జంతుశాస్త్ర ప్రయోగశాలలో కప్పలను చెడకుండా నిలిపే ఫార్మలిన్‌లోని పదార్థమే అది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దానిని మానవునికి క్యాన్సర్ కలిగించే పదార్థాలలో చేర్చినది. క్షురకుల, కేశాలంకారుల వృత్తిలోనే ఆ ప్రమాదం ఉండే అవకాశం హెచ్చని 1993లోనే ఆ సంస్థ ప్రకటించినది.

దీనికై వృత్తిని విడువనక్కరలేదు. తెరచిన కిటికీ, గాలిని వెలుపలికి నెట్టే ఫ్యాను, చేతులకు తగిన తొడుగులు, వాడిన వెంటనే సీసాకు మూత: ఇవి పెద్ద ఖర్చులు కావు. ఇవి సమకూర్చడం యజమాని ధర్మం. అడగడం పనివారి హక్కు.

మన విద్యార్థినులలో కొందరు రేపు ఈ వృత్తిలో ప్రవేశింపవచ్చును. ఉపాధ్యాయులు తరగతిలో ఫార్మాల్డిహైడ్ సూత్రాన్ని నల్లబల్లమీద వ్రాసినపుడు, అది ఏయే సీసాలలో ఉంటుందో కూడ చెప్పవలె. నేర్చిన ఆ పిల్ల ఏనాడైనా దగ్గుతో వైద్యుని వద్దకు వెళితే, ఆయన అడుగకపోయినా, తాను చేసే పని ఏమిటో ముందుగా తానే చెప్పుకొనగలదు.