బావిలోకి మనిషి కాదు, లైట్ దిగాలి: ఇంట్లో చేసుకునే అండర్‌వాటర్ ఎల్‌ఈడీ

గాజులరామారం నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశాను. పోయిన ఎపిసోడ్ చివర్లో ఐదు సెకన్ల క్లిప్ ఒకటి చూపించాను, గుర్తుందా? స్క్రీన్ అంతా తెల్లగా, మజ్జిగలో కెమెరా ముంచినట్టు. కామెంట్లలో చాలామంది "అన్నా, ఇది ఏంటి?" అని అడిగారు. అది బావి. షామీర్‌పేట దగ్గర మా ఫ్రెండ్ వాళ్ల వ్యవసాయ బావి. ఆ మజ్జిగ నేను చేసిన మొదటి లైట్ ఘనకార్యం.

అసలు కథ ఏంటంటే, వాళ్ల మోటర్ గట్టు మీద ఉంటుంది. పైపు నీళ్లలోకి దిగుతుంది, దాని చివర ఫుట్‌వాల్వ్. ఆ వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే పైపులో నీళ్లు నిలవవు, మోటర్ తిరుగుతుంది కానీ నీళ్లు ఎక్కవు. అలాంటప్పుడు వాళ్లు చేసేది ఒకటే. ఈత బాగా వచ్చిన ఒకాయన్ని పిలుస్తారు, ఆయన ఊపిరి బిగబట్టి కిందకి దిగి చేత్తో తడిమి చూస్తాడు. కింద చీకటి, తాడులు, పైపులు, జారే రాళ్లు. ఈసారి మా ఫ్రెండ్ వాళ్ల నాన్న "మనిషిని దింపుడు నాకు ఇష్టం లేదు బిడ్డా, మీ కెమెరా ఏమన్న పనికొస్తదా?" అన్నారు. బీటెక్ చదివి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు వీడియోలు తీస్తున్న నాకు అంతకంటే సీరియస్ ప్రాజెక్ట్ ఇంతవరకు రాలేదు. అందుకే ఈ వీడియో.

ముందు, నీళ్లలో లైట్ ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, నీళ్లు రంగుల్ని తినేస్తాయి. అందులో ముందు పోయేది ఎరుపు. శుభ్రమైన సముద్రంలో కూడా ఐదు మీటర్ల దగ్గరే ఎరుపు బాగా మసకబారుతుంది, పది మీటర్లకి దాదాపు ఉండదు. అందుకే లైట్ లేకుండా తీసిన వీడియోలన్నీ నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తాయి. లైట్‌ని వస్తువుకి దగ్గరగా తీసుకెళ్తే ఆ ఎరుపు మళ్లీ కనిపిస్తుంది, ఎందుకంటే వెలుతురు తక్కువ నీళ్లు దాటుతుంది. రెండోది సింపుల్, మన బావుల్లో కింద చీకటి.

ఇక నేను చేసిన మొదటి తప్పు. "ఎంత ఎక్కువ వాట్లు ఉంటే అంత బాగా కనిపిస్తుంది" అనుకుని, పెద్ద లైట్‌ని కెమెరాకి ఆనించి కట్టాను. చలికాలం పొద్దున్నే పొగమంచులో ఔటర్ రింగ్ రోడ్డు మీద హైబీమ్ వేసి చూడండి. రోడ్డు కనిపించదు, తెల్ల గోడ కనిపిస్తుంది. బావిలో కూడా అంతే. నీళ్లలో తేలే మట్టి రేణువుల మీద లైట్ పడి నేరుగా లెన్స్‌లోకి తిరిగొస్తుంది. పవర్ పెంచితే ఆ తెలుపు ఇంకా పెరుగుతుంది. పరిష్కారం ఏంటంటే, లైట్లని కెమెరాకి దూరంగా జరపాలి. నేను పీవీసీ పైపుతో అడ్డంగా ఒక కర్ర చేసి, మధ్యలో కెమెరా, అటూ ఇటూ 40 సెంటీమీటర్ల దూరంలో ఒక్కో లైట్ పెట్టాను. లైట్ల ముఖాలు కొంచెం బయటికి తిప్పాను. అప్పుడు లెన్స్ ముందు ఉన్న నీళ్ల మీద వెలుతురు పడదు, అవతల ఉన్న వస్తువు మీద పడుతుంది. రూపాయి ఖర్చు లేని ఈ మార్పు, నేను కొన్న పార్ట్స్ అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది.

సరే, పార్ట్స్ చూద్దాం. ఎల్‌ఈడీ, డ్రైవర్, వైర్లు, ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే దొరుకుతాయి. నేను తీసుకున్నవి రెండు 10 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీలు. కొనేటప్పుడు రెండు అడగండి. కలర్ టెంపరేచర్ 5000 నుంచి 5500 కెల్విన్, సీఆర్‌ఐ 90 పైన. తెల్ల ఎల్‌ఈడీ లోపల నిజానికి ఉండేది నీలం చిప్, దాని మీద పసుపు పూత. ఆ నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. చవక ఎల్‌ఈడీలో ఎరుపు తక్కువ. మనకి నీళ్లలో కావాల్సిందే ఎరుపు. అందుకే సీఆర్‌ఐ గురించి అంత పట్టుదల.

ఎల్‌ఈడీని డైరెక్ట్‌గా బ్యాటరీకి కలపకండి. వేడెక్కేకొద్దీ అది ఇంకా ఎక్కువ కరెంట్ లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. కరెంట్‌ని ఒకే దగ్గర పట్టి ఉంచే కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ పెట్టాలి. ఈ సైజు ఎల్‌ఈడీకి 900 మిల్లీయాంప్‌లు సరిపోతుంది. ఇంకో విషయం, 10 వాట్లు ఇస్తే వెలుతురుగా మారేది సుమారు మూడో వంతే, మిగతాదంతా వేడి. అందుకని డబ్బా ప్లాస్టిక్‌ది కాకుండా అల్యూమినియంది అయ్యుండాలి, ఎల్‌ఈడీ వెనక థర్మల్ పేస్ట్ రాసి నేరుగా ఆ లోహానికే బిగించాలి. నీళ్లలో ఉంటే నీళ్లే చల్లబరుస్తాయి. టెర్రస్ మీద గాలిలో టెస్ట్ చేస్తే మాత్రం అర నిమిషం దాటనివ్వకండి.

ఇప్పుడు డబ్బా. మన గాజులరామారంలో ఉండేవాళ్లకి ఇక్కడ ఒక లాభం ఉంది, పక్కనే జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియా. లేత్ మెషిన్ ఉన్న షాపులు బోలెడు. డ్రాయింగ్ పట్టుకుని ఒక షాపుకి వెళ్లాను. ఎంత గట్టిగా ఉండాలో లెక్క చూడండి. నీళ్లలో ప్రతి పది మీటర్లకీ ప్రతి చదరపు సెంటీమీటర్ మీద సుమారు ఒక కిలో బరువు పెరుగుతుంది. నా లైట్ ముందున్న కిటికీ 6 సెంటీమీటర్ల వెడల్పు, అంటే 28 చదరపు సెంటీమీటర్లు. పది మీటర్ల లోతులో దాని మీద 28 కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా కంటే ఎక్కువే. 10 మిల్లీమీటర్ల మందం అక్రిలిక్ వాడాను, అది హాయిగా తట్టుకుంటుంది.

అసలు నీళ్లని ఆపేది ఓ-రింగ్. ఇక్కడే నా రెండో తప్పు. రింగ్ మందం 3 మిల్లీమీటర్లు కాబట్టి, గాడి లోతు కూడా 3 అని గీశాను. లేత్ అన్న గీసింది గీసినట్టు చేసిచ్చాడు. తర్వాత లీక్ అయిందని తీసుకెళ్తే నవ్వి, "రింగ్ నలగకుంటే నీళ్లెట్ల ఆగుతయ్ తమ్మీ?" అన్నాడు. కరెక్టే. రింగ్ నొక్కుకుపోవాలి, అప్పుడే సందు మూసుకుంటుంది. 3 మిల్లీమీటర్ల రింగ్‌కి గాడి లోతు 2.3 పెట్టి మళ్లీ చేయించాను. మూసేముందు గాడి తుడవండి. ఒక్క వెంట్రుక అడ్డం పడినా చాలు, నీళ్లకి దారి దొరికినట్టే. నల్ల నైట్రైల్ రింగ్‌కి సిలికాన్ గ్రీజు కొంచెం రాయండి. రింగే సిలికాన్‌ది అయితే ఆ గ్రీజు వద్దు, ఉబ్బిపోతుంది.

ఆ లీక్ రోజు ఏం జరిగిందో కూడా చెప్పాలి. మొదటి వెర్షన్‌లో నాలుగు లిథియం సెల్స్ లైట్ డబ్బా లోపలే పెట్టాను. టెర్రస్ మీద నీళ్ల డ్రమ్ములో రాత్రంతా ఉంచి, పొద్దున తీస్తే చేతికి వేడిగా తగిలింది. మూత తిప్పితే లోపల నీళ్లు, టెర్మినల్స్ దగ్గర సన్నగా బుడగలు. బ్యాటరీ కరెంట్ నీళ్లని విడగొడితే వచ్చేది హైడ్రోజన్, ఆక్సిజన్. నా సీల్ చెడ్డది కాబట్టి గ్యాస్ బయటికి పోయింది. కొంచెం నీళ్లు లోపలికి వెళ్లాక సీల్ గట్టిగా పట్టుకుని ఉంటే? ఆ ఒత్తిడి అంతా నా మొహం ముందున్న మూత వెనక ఉండేది. అందుకే కంపెనీలు చేసే డైవింగ్ లైట్లలో లోపలి ఒత్తిడి పెరిగితే వదిలేసే ఏర్పాటు పెడతారు. నేనైతే అదేమీ పెట్టలేదు. తడిసిన లైట్‌ని ఎవరూ మొహానికి ఎదురుగా పెట్టుకుని తెరవకండి. నేను తెరిచాను, అదృష్టం బాగుంది, అంతే.

నీళ్లలో లైట్ కోసం ఇలాంటి తిప్పలు కొత్తేం కాదు. 1890లలో ఫ్రాన్స్‌లో లూయీ బూటాన్ అనే సైంటిస్ట్ సముద్రంలో ఫోటోలు తీయడానికి ఒక పీపా మీద స్పిరిట్ దీపం పెట్టి, రబ్బరు బుడ్డి నొక్కి మెగ్నీషియం పొడిని ఆ మంటలోకి ఊదేవాడు. ఆయనకి వేరే దారి లేదు. మనకి ఉంది.

ఆ పొద్దున కూర్చుని ఆలోచిస్తే ఒక డౌట్ వచ్చింది. అసలు బ్యాటరీ నీళ్లలోకి ఎందుకు దిగాలి? బావి లోతు ఆరేడు మీటర్లు, గట్టు మీద బోలెడు చోటు ఉంది. సో, రెండో వెర్షన్‌లో యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీ గట్టు మీదే, డ్రైవర్లు కూడా గట్టు మీదే. బ్యాటరీ ప్లస్ దగ్గర 5 యాంప్‌ల ఫ్యూజ్. కిందకి వెళ్లేది వైరు, ఎల్‌ఈడీ మాత్రమే. నీళ్లు లోపలికి వెళ్లినా పోయేది ఎల్‌ఈడీ ఒక్కటే. 7 యాంప్ అవర్ బ్యాటరీతో రెండు లైట్లు రెండు గంటల పైనే వెలుగుతాయి.

వైరు గుండ్రంగా ఉండేది తీసుకోండి. చదును వైరు కేబుల్ గ్లాండ్‌లో సరిగ్గా పట్టదు, పక్కలనుంచి నీళ్లు వస్తాయి. బరువంతా వైరు మీద వేయకండి, విడిగా తాడు కట్టండి. ఇంకోటి, ఇంట్లో ప్లగ్‌కి పెట్టే అడాప్టర్ తీసుకెళ్లి బావి దగ్గర వాడదాం అని మాత్రం ఆలోచించకండి. 230 వోల్టులకి, నీళ్లకి మధ్య ఒక చవక అడాప్టర్‌ని నమ్మలేం. కేవలం బ్యాటరీ.

టెస్ట్ ఎలా చేయాలి? ముందు ఖాళీ డబ్బా. లోపల టిష్యూ పేపర్ మడిచి పెట్టి, మూసి, రాయి కట్టి, మీకు కావాల్సిన లోతు కంటే కొంచెం ఎక్కువకి తాడుతో దింపండి. గంట తర్వాత తీసి, బయట బాగా తుడిచి, తెరవండి. టిష్యూ పొడిగా ఉంటేనే ఎల్‌ఈడీ బిగించండి. నేను ఇది ముందే చేసుంటే పైన చెప్పిన కథ ఉండేది కాదు.

ఇక ఆ రోజు. మోటర్ స్టార్టర్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాం. కెమెరా, రెండు లైట్లు ఉన్న పైపుని తాడుతో మెల్లగా దింపాం. నీళ్లలోంచి వైఫై రాదు కాబట్టి లైవ్ చూడలేం, రికార్డ్ చేసి పైకి లాగి చూడాలి. మొదటి రెండుసార్లు గోడ, మూడోసారి పైపు, నాలుగోసారి ఫుట్‌వాల్వ్. జాలీకి ఎరువుల సంచి ముక్క ఒకటి చుట్టుకుని, దాని పీచు లోపలి మూతలో ఇరుక్కుని ఉంది. పీచు రంగుతో సహా క్లియర్‌గా కనిపించింది. పొడవాటి ఇనుప కడ్డీకి కొక్కెం కట్టి, గట్టు మీద నుంచే లాగేశాం. సాయంత్రానికి మోటర్ నీళ్లు ఎత్తింది. ఎప్పుడూ బావిలోకి దిగే ఆయన కూడా అక్కడే ఉన్నాడు. ఫోన్‌లో వీడియో రెండుసార్లు చూసి, "ఇన్నేళ్లు నేను చేత్తో చూసింది ఇదా!" అన్నాడు.

చివరిగా ఒక మాట. ఈ వీడియో చూసి మన సిటీ చుట్టుపక్కల ఉన్న క్వారీ గుంతల్లో దిగి టెస్ట్ చేద్దాం అనుకునేవాళ్లు ఉంటారు. ఆ గుంతలకి ఒడ్డు ఉండదు, నిలువు గోడే. జారితే ఎక్కడానికి పట్టు దొరకదు. లైట్ ఉంటే ధైర్యం వస్తుంది కానీ ఈత రాదు. ఈ లైట్ చేసిందే మనిషి దిగాల్సిన పని లేకుండా. దాన్ని పట్టుకుని మీరే దిగితే ఇక ఎందుకు చెప్పండి?

గాడి కొలతలు, వైరింగ్ బొమ్మ నెక్స్ట్ ఎపిసోడ్‌లో పేపర్ మీద గీసి చూపిస్తాను. మీ ఊళ్లో బావి మోటర్ మొండికేస్తే ఈ వీడియో పంపండి, దిగేముందు ఒకసారి చూస్తారు. ఉంటాను మరి, బై.