డాక్టరమ్మ ఫోన్లో... నర్సమ్మ పక్కన!

2020 మార్చి 25. లాక్‌డౌన్ తొలిరోజు. బస్సుల్లేవు, ఆటోల్లేవు, చాలాచోట్ల ఓపీలూ మూతపడ్డాయి. కరోనా సంగతి సరే, షుగరు మాత్రలు అయిపోవస్తున్నవాళ్లూ, ఏడో నెల గర్భిణులూ, బీపీ ఉన్న పెద్దవాళ్లూ ఎక్కడికి వెళ్లాలి? సరిగ్గా అదేరోజు కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. రిజిస్ట్రేషన్ ఉన్న ఏ డాక్టరైనా వీడియోలో, ఫోన్లో రోగిని చూసి మందు రాయొచ్చని తేల్చి చెప్పింది. కొన్ని మందులు తొలిసారి రాయాలంటే వీడియోలో చూసి తీరాలనీ, మత్తు కలిగించే నార్కోటిక్ మందులు అసలు రాయకూడదనీ గీత గీసింది.

ఆ ఏడాది ఏప్రిల్ 13న మొహాలీలోని సీడాక్ సంస్థ రూపొందించిన ‘ఈ-సంజీవని’ ఓపీ సేవ దేశమంతా మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 14410 నంబరు కూడా అప్పుడే వచ్చింది. మిస్డ్ కాల్ ఇస్తే డాక్టరే తిరిగి ఫోన్ చేసేవారు. అంతకు కొన్ని నెలల ముందే, 2019 నవంబరులో, ఊరి ఆరోగ్య కేంద్రాలను వీడియోలో డాక్టర్లతో కలిపే పద్ధతిని అందరికన్నా ముందు మొదలుపెట్టిన రాష్ట్రమూ ఏపీయే.

తెర మీద ఏం కనిపిస్తుంది?

అనుకున్నదానికన్నా చాలానే. ఆయాసంగా ఉందన్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఫోనుని చెంబుకి ఆనించి పెట్టమంటారు డాక్టరు. ‘ఒక్క నిమిషం మాట్లాడకండి బాబాయ్, మీ వివరాలు రాసుకుంటున్నా’ అంటూ తల వంచుతారు. నిజానికి ఆయన చూసేది చొక్కా గుండీలు పైకీ కిందకీ కదలడాన్ని. లెక్కపెడుతున్నామని చెబితే మనిషి ఊపిరి తీరు మారిపోతుంది, అందుకే ఆ మాట చెప్పరు. నిమిషానికి 24 దాటితే ఇంట్లో ఉంచకూడదు. 2021 కరోనా రెండో వేవ్‌లో ఎందరిని ఆసుపత్రికి పంపాలో, ఎందరిని ఇంట్లోనే ఉంచి కనిపెట్టుకోవాలో తేల్చింది ఇలాంటి లెక్కలే. గోళ్లరంగు తుడిపించి, చల్లబడ్డ చేతులు రుద్దించి, అప్పుడు ఆక్సీమీటర్ పెట్టించేవారు. 94 కన్నా తగ్గితే ఆలోచన లేదు, బయలుదేరాల్సిందే.

ఆసుపత్రిలో కనిపించనివి కూడా కొన్ని వీడియోలో బయటపడతాయి. ‘ఏం మాత్రలు వేసుకుంటున్నావు పెద్దమ్మా?’ అంటే ‘తెల్లదొకటి, గులాబీ రంగుదొకటి’ అన్నదే ఓపీలో వచ్చే జవాబు. ఇంట్లో అయితే మందుల కవరు మొత్తం మంచం మీద కుమ్మరించి, ఒక్కో షీటూ కెమెరాకి చూపిస్తుంది. పట్నంలో రాసిందీ ఊళ్లో కొన్నదీ పేర్లు వేరైనా లోపల ఉన్నది ఒకటే షుగరు మందని అప్పుడు తెలుస్తుంది. రెండూ వేసుకుని షుగరు పడిపోతుంటే ‘నీరసం’ అనుకుంటోందన్నమాట!

తెరకు అందనివి

పొట్ట నొక్కి చూడటం వీడియోలో కుదరదు. కుడిపక్క కింద నొప్పి అపెండిక్సో, గ్యాసో చెయ్యి పెట్టందే చెప్పలేం. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం వంటివైతే వీడియో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇంతకన్నా నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటుంది. అసలు ఫోనెవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతమే. తెలంగాణలో 57.4, 26.5. ఫోను కొడుకు జేబులోనో, భర్త చేతిలోనో ఉంటుంది. కాల్ కలిశాక స్పీకర్ ఆన్ చేస్తారు. చుట్టూ అత్తగారు, మరిది, పిల్లలు. తెల్లబట్ట అవుతోందని ఆ కోడలు ఎలా చెప్పగలదు? కాన్పయ్యాక ఏడుపాగడం లేదనీ, మొన్న దెబ్బలు తగిలాయనీ ఎవరి ముందు చెబుతుంది? ‘కాస్త తలనొప్పి’ అని ఫోన్ పెట్టేస్తుంది.

కాబట్టి పక్కన ఏఎన్ఎమ్మో, ఊరి క్లినిక్‌లో నర్సమ్మో ఉన్న వీడియో వైద్యాన్నే నేను నమ్ముతాను. ఆమె బీపీ చూస్తుంది, వేలు గుచ్చి షుగరు చూస్తుంది, కాలి వేళ్ల సందుల్లోని పుండు మీదకు కెమెరా తిప్పుతుంది. ‘మీరు కాసేపు బయట కూర్చోండి పిన్నీ’ అని అత్తగారిని లేపగలిగేదీ ఆమే. డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటున్నారో లేదో వారం తర్వాత గడపలో నిలబడి అడిగేదీ ఆమే.

2023 ఫిబ్రవరికల్లా ఈ-సంజీవని 10 కోట్ల సంప్రదింపులు దాటింది. గొప్ప సంఖ్యే. కానీ రెండోసారి కాల్ చేస్తే అదే డాక్టరు కనిపిస్తున్నారా అన్నది అంతకన్నా ముఖ్యం. మొహం తెలియని డాక్టరుకి ప్రతిసారీ కథ మొదటినుంచీ చెప్పాలంటే ఎవరికైనా విసుగే. 2023 ఏప్రిల్‌లో ఏపీ మొదలుపెట్టిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు ఊళ్లోకే వచ్చే ఏర్పాటు చేశారు. చెయ్యి పెట్టి చూసిన డాక్టరే మధ్యలో వీడియోలోనూ పలకరిస్తే, ఆ పలకరింపుకి విలువ పెరుగుతుంది.

ఇందుకు ఊరి క్లినిక్‌లో ఏర్పాట్లు పెద్దగా అక్కర్లేదు. మొహం మీద వెలుగు పడేలా ఒక లైటు, సరిపడా సిగ్నలు, తలుపుకి గడియ ఉన్న గది ఉంటే చాలు. ఆ గడియ వేసుకుని కాసేపు మాట్లాడే వీలు ప్రతి ఆడమనిషికీ కల్పించాలి.